పాలరాతి శిల్పం ఫోటోలో తెల్లముద్దలా వస్తోందా?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు వేసుకున్న యువతి పాలరాతి శిల్పం ‘ముసుగు రెబెక్కా’ను ఫోన్‌తో తీస్తే చాలామందికి వచ్చేది తెల్లటి ముద్దే. కళ్లెదుట కనిపించిన మేలిముసుగు ఫోటోలో మాయం. ఈసారి ఇలా తీసి చూడండి.

ముందు ఫ్లాష్ ఆపేయండి. వెలుతురు ముఖం మీద పక్కనుంచి పడేలా రెండు మూడు అడుగులు జరిగి నిలబడండి. 2ఎక్స్ జూమ్ పెట్టి, స్క్రీన్ మీద చెంప దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది. పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి లాగండి. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుతురు మోతాదు) మైనస్ 0.7 నుంచి మైనస్ 1 చాలు. ముసుగు మడతల సన్నని నీడలు అప్పుడు తేలతాయి.

ఆ ముసుగు కూడా రాయే మరి! ఇటలీ శిల్పి బెంజోని మడతల లోతును వెంట్రుకవాసి తేడాలతో చెక్కాడు కాబట్టే కింద ముక్కు, పెదవులు పల్చటి బట్టలోంచి కనిపిస్తున్నట్టు ఉంటాయి. ముక్కు కొన దగ్గర జూమ్ చేసి చూడండి, ఎంత ఓపికో!

వెలుతురు నేరుగా ఎదురునుంచి పడుతుంటే మాత్రం ఇది పనిచేయదు, అప్పుడు నీడలే ఉండవు. సూర్యుడి గుర్తును మరీ కిందికి లాగితే రాయి బూడిదరంగుకు తిరుగుతుంది. ఫోటోలకు అనుమతి ఉందో లేదో టికెట్ కౌంటర్‌లోనే అడిగేయండి.