అంకెలతో సావాసం – 4వ పాఠం: తప్పును పట్టించే చివరి అంకె

పోయిన పాఠంలో అంకెలన్నీ కూడి 9తో లెక్క సరిచూడటం నేర్చుకున్నాం. దానికో లోపం ఉంది. 63 బదులు 36 రాసినా కూడిక 9 దగ్గరే ఉంటుంది, తప్పు దొరకదు. తొందరలో నంబరు టైప్ చేసేటప్పుడు మనం తరచూ చేసే తప్పుల్లో ఇదొకటి. నేనైతే ఇందులో ఆరితేరాను.

ఈ తప్పును పట్టుకునే ఉపాయాన్ని ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ కనిపెట్టి 1954లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1960లో పేటెంటు వచ్చింది. మీ డెబిట్ కార్డు మీదా, ఒక్కో ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబరులోనూ ఉండే చివరి అంకె ఈ పద్ధతిలో వచ్చిందే.

35276 అనే నంబరుకు చివరి అంకె కావాలనుకుందాం. కుడి చివర నుంచి మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయండి. 6 రెట్టింపు 12. రెండంకెలు వస్తే వాటిని కలిపేయాలి, అంటే 3. తర్వాతి 7 అలాగే ఉంటుంది. 2 కాస్తా 4 అవుతుంది, 5 అలాగే, 3 కాస్తా 6. మొత్తం 3+7+4+5+6 = 25. మొత్తం సున్నాతో ముగియాలి, కాబట్టి దీన్ని 30 చేయడానికి ఇంకో 5 కావాలి. ఆ 5ను చివర తగిలిస్తే 352765. ఇప్పుడు మధ్యలో 27ను 72 చేసి చూడండి. చివరి 5తో కలిపి మొత్తం 26 వస్తుంది. సున్నాతో ముగియలేదు కాబట్టి ఎక్కడో తప్పు జరిగినట్టే.

12ను 1+2 చేయడం ఎందుకు, 2 అని వదిలేస్తే పోదా? ఇక్కడ కాసేపు ఆగండి, అసలు అందమంతా ఇందులోనే ఉంది. అలా వదిలేస్తే 1 రెట్టింపూ 2తోనే ముగుస్తుంది, 6 రెట్టింపూ 2తోనే ముగుస్తుంది. 1 బదులు 6 కొట్టినా తెలియదు. కలిపితే మాత్రం 0 నుంచి 9 వరకు అంకెలు వరసగా 0, 2, 4, 6, 8, 1, 3, 5, 7, 9 అవుతాయి. ఒక్కటీ రెండుసార్లు రాలేదు. అందుకే ఒక అంకె తప్పితే, అది ఏదైనా సరే, దొరికిపోతుంది.

ఇక మీ వంతు. ఫోన్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. చివరి అంకెను చేత్తో మూసి, మిగతా 14తో లెక్క కట్టండి. (ఆ నంబరు ఫొటో తీసి గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.) ఆ తర్వాత 409కీ 490కీ చివరి అంకె కనుక్కోండి.

రెండింటికీ 3 వచ్చిందా? లెక్క సరైనదే. 9 రెట్టింపు 18, కలిపితే మళ్లీ 9. 0 రెట్టింపు 0. రెండూ మారవు కాబట్టి 09, 90 అటూ ఇటూ అయితే లూన్ పద్ధతికి కనపడదు. పక్కపక్క అంకెలు తారుమారైనప్పుడు అది పట్టలేనిది ఈ జంటనే.

మన ఆధార్‌లో 12వ అంకెకు ఆ ఇబ్బంది కూడా లేదు. అది 1969లో డచ్ గణితవేత్త యాకోబస్ వెర్హూఫ్ ఇచ్చిన పద్ధతి. అందులో కూడిక ఉండదు, ఒక పంచభుజిని తిప్పడం, బోర్లించడం ఉంటాయి. తిప్పి బోర్లిస్తే ఒకలా, బోర్లించి తిప్పితే ఇంకోలా వస్తుంది. వచ్చే పాఠానికి అట్టముక్కతో ఒక పంచభుజి కత్తిరించి, మూలలకు నంబర్లు వేసి ఉంచుకోండి.