బయటివాళ్ళతో కలిసి కొత్త పని, 4వ పాఠం: ‘సగం సగం’ అని రాయకండి

గత పాఠంలో ఇచ్చిన పని ఒక్కటే: భాగస్వామికి చూపించబోయే సమస్యను ఒక కాగితం మీద, కొలతతో రాయమన్నాను. కొలత రాశారు, చిక్కు అక్కడే వచ్చింది. అందుకే ఒప్పందం జోలికి వెళ్ళేముందు ఆ కాగితాన్నే ఇంకోసారి చూద్దాం.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దిమ్మలు చేసేవాళ్ళు ఎక్కువగా రాసిన వాక్యం ఇది: ‘మా పొట్టుకి ఈసీ ఎక్కువ వస్తోంది, 0.5 లోపు తెచ్చే వాషింగ్ మెషిన్ కావాలి.’ ఈసీ అంటే ఉప్పు ఎంతుందో మీటరు మిల్లీసీమెన్స్‌లో చూపే అంకె.

ఇందులో జబ్బు చెప్పాల్సిన చోట మందు పేరు చెప్పారు. మెషిన్ అడిగితే ఫ్యాబ్రికేటర్ (మెషిన్లు తయారుచేసే వర్క్‌షాపువాడు) మెషినే చేసి ఇస్తాడు, అందులో అతని తప్పు లేదు. కానీ వేసవిలో డెల్టా కాలవలు కట్టేశాక మీరు కడిగేది బోరు నీళ్ళతో. సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఆ నీళ్ళలోనే ఉప్పు ఉంటుంది. పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళు పీల్చుకుంటుంది. కళ్ళంలో ఆరబెడితే నీళ్ళు పోతాయి, ఉప్పు పొట్టులోనే ఉండిపోతుంది. డ్రమ్ము ఎంత బాగా తిరిగినా దీన్ని మార్చలేదు.

రెండో తప్పు ఇంకా ఖరీదైనది. 0.5 అన్నారు సరే, ఏ పద్ధతిలో? ఒక వంతు పొట్టుకి ఒకటిన్నర వంతుల నీళ్ళు కలిపి కొలిస్తే ఒక అంకె, అయిదు వంతులు కలిపి కొలిస్తే ఇంచుమించు అందులో మూడో వంతు. పొట్టు అదే, మీటరూ అదే. ఫ్యాబ్రికేటర్ 1:5లో 0.4 చూపించి డబ్బు అడుగుతాడు. మీ కొనుగోలుదారు 1:1.5లో 1.1 చూపించి సరుకు వెనక్కి పంపుతాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, నష్టం మాత్రం మీది. పద్ధతి రాయని అంకెను కాగితం మీద ఉంచకండి.

కాగితం ఇలా ఉండాలి: ‘కాలవ నీళ్ళున్నప్పుడు రెండు కడుగుళ్ళు చాలుతున్నాయి. కాలవ కట్టేశాక బోరు నీళ్ళ ఈసీ 1.6 మిల్లీసీమెన్స్. నాలుగుసార్లు కడిగినా 1:1.5 పద్ధతిలో 0.9 దగ్గర ఆగిపోతోంది, కావలసింది 0.5. కడిగిన నీళ్ళు పంట బోదెలోకి వదలడానికి వీల్లేదు.’ ఇప్పుడు చూడండి, ఫ్యాబ్రికేటర్ ఒక్కడే కాదు, వాన నీళ్ళకి చెరువు తవ్వేవాడు, ఆర్వో ప్లాంటు పెట్టేవాడు, కేరళలోని కలవూరులో ఉన్న కాయర్ బోర్డు పరిశోధన సంస్థ, వీళ్ళందరికీ ఈ కాగితం అర్థమవుతుంది. మీకు తట్టని భాగస్వామి దొరికేది ఇలాగే. (కొనేవాడు ‘బఫర్డ్’ అడిగితే లెక్క వేరు. పొట్టు పట్టుకుని ఉన్న పొటాషియం, సోడియం మంచినీళ్ళకి పూర్తిగా వదలవు, క్యాల్షియం నైట్రేట్‌లో నానబెట్టాలి. అది విడిగా రాయండి.)

ఇక ఒప్పందం. ఉద్యమ్ నమోదు, స్టాంపు కాగితం, అడ్వాన్సు ఎంత అన్నవి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. ఒక్క మాట దగ్గరే ఆగుతాను: ‘కలిసి కనిపెట్టినది ఇద్దరికీ సగం సగం.’ ఎంతో న్యాయంగా వినిపించే ఈ మాట చిన్న యూనిట్లను ముంచేస్తుంది.

ఉమ్మడి తోటలో కాయ దింపిన అన్నదమ్ముడు మిగతావాళ్ళకి లెక్క చెప్పాలి. ఉమ్మడి పేటెంటులో చెప్పక్కర్లేదు. 1970 పేటెంట్ల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ప్రతి యజమానీ తన లాభం కోసం దాన్ని వాడుకోవచ్చు, రెండోవాడికి లెక్క అప్పజెప్పనవసరం లేదు. కానీ ఇంకొకరికి లైసెన్సు ఇవ్వాలన్నా, తన వాటా అమ్మాలన్నా రెండోవాడి ఒప్పుకోలు కావాలి. ఇప్పుడు మీ ఇద్దరినీ పక్కపక్కన పెట్టండి. వర్క్‌షాపు ఉన్నది ఫ్యాబ్రికేటర్‌కి. అదే మెషిన్ చేసి అంబాజీపేటలో మీ పోటీదారులందరికీ అమ్ముకుంటాడు, మీకు రూపాయి ఇవ్వడు, చట్టం తప్పనదు. మీకు లేత్ లేదు, వెల్డింగ్ లేదు. సామర్లకోటలో ఇంకొకరికి లైసెన్సు ఇచ్చి చేయిద్దామంటే అతని సంతకం కావాలి. పేరుకి సగం, చేతికి సున్నా.

అందుకే వాటాగా కాదు, వస్తువుగా పంచండి. తిరిగే భాగం, జల్లెడ, గేరు అమరిక అతనివి. ఎంతసేపు నానాలి, ఎన్ని కడుగుళ్ళు, ఏ వరసలో అన్నవి మీవి, వాటిని రహస్యంగా ఉంచండి. అతను మెషిన్ ఇతరులకి అమ్మితే ఒక్కోదానికి మీకెంత అన్నది అంకెలో రాయండి. ఒప్పందం నడిచే కాలంలో ఫలానా మండలాల్లో అమ్మకూడదని కూడా రాసుకోవచ్చు. ఒప్పందం ముగిశాక కూడా అమ్మకూడదని రాస్తే 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవదు. ఎగ్జిబిషన్‌లో పెట్టేముందే పేటెంటుకి ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయించండి. చిన్న సంస్థకి ఆన్‌లైన్ రుసుము 1,600 రూపాయలు, పూర్తి దరఖాస్తుకి 12 నెలల గడువు ఉంటుంది.

అభ్యాసం. ఒకే గుట్టలో పది చోట్ల పొట్టు తీయండి. మీటరును 1413 ద్రావణంతో (ఈసీ 1413 మైక్రోసీమెన్స్ అని ముందే తెలిసిన ద్రావణం) సరిచేసి, డిస్టిల్డ్ వాటర్‌తో ప్రతి నమూనానీ 1:1.5లో, 1:5లో కొలవండి. ఇరవై అంకెలు రావాలి, సరాసరి ఒక్కటే రాస్తే చాలదు. తర్వాత మూడు గడులు గీయండి: ముందే నాది, ముందే నీది, కలిసి చేయబోయేది. మీ భాగస్వామిని విడిగా కూర్చుని అవే మూడు గడులు నింపమనండి. రెండు కాగితాల్లో ఏ వస్తువు వేర్వేరు గడుల్లో పడిందో దాని మీద గీత గీసి పెట్టుకోండి, 5వ పాఠం దానితోనే మొదలవుతుంది.