‘యు’ తోడు లేని ‘క్యూ’ పదాలను గుర్తుంచుకునే తీరు

ఇంగ్లీషులో ‘క్యూ’ అక్షరం పక్కన ‘యు’ ఉండి తీరాలని బడిలో నేర్చుకున్నవారికి అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే స్క్రాబుల్ ఆటలో 10 పాయింట్ల విలువైన ఆ ఒక్క ‘క్యూ’ బిళ్ల బరువుగా తోస్తుంది. ‘యు’ అవసరం లేని పదాలను విడివిడిగా బట్టీ పట్టకండి. ముందుగా అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి.

వీటిలో చాలావరకు అరబ్బీ నుంచి వచ్చినవే. ఆ భాషలో గొంతు లోపలి నుంచి పలికే ‘ఖాఫ్’ అక్షరాన్ని రోమన్ లిపిలో ‘క్యూ’తో రాయడం వల్లనే ‘యు’ అక్కర లేకుండా పోయింది. ఉర్దూ మాటలు రోజూ చెవిన పడే మనకు ఇది గొప్ప అనుకూలత: ఫకీరు, ఖాజీ, బుర్ఖా, తలాక్, ఖవ్వాలీ మనకు తెలిసినవే, వాటి ఇంగ్లీషు రూపాలలో ‘క్యూ’ ఉందని గుర్తుంచుకుంటే చాలు.

తరువాత కొత్త అర్థాలు నేర్చుకోండి. ‘ఖాత్’ అంటే యెమెన్‌లో జనం ఉత్తేజం కోసం నమిలే ఆకుల మొక్క. ‘ఖనాత్’ అంటే కొండపాదంలోని భూగర్భజలాన్ని, ఏ యంత్రమూ లేకుండా, కేవలం వాలు ఆధారంగా ఊరికి చేర్చే ఇరాన్ సొరంగకాలువ. ఈ పదాల్లో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే.

చైనా భాష నుంచి వచ్చిన, ప్రాణశక్తి అనే అర్థమున్న ‘చి’ని ‘క్యూ, ఐ’ అనే రెండక్షరాలతోనే రాస్తారు కనుక, ఆట పలక మీద ఇరుకైన చోట ముందుగా దానినే ప్రయత్నించండి.