ఎకరం లాన్‌లో గ్రబ్స్: తక్కువ ఖర్చుతో ఇలా ఆపండి

న్యూజెర్సీలో పెద్ద జాగా ఉన్న ఇల్లు కొన్నవాళ్ళకి ఆగస్టు చివర మొదలయ్యే టెన్షన్ గ్రబ్స్, అంటే మట్టిలో ఉండి గడ్డి వేళ్ళు తినేసే పెంకుపురుగు పిల్లలు. గడ్డి మచ్చలు మచ్చలుగా ఎండిపోతుంది. రాత్రికి రాత్రి స్కంకులు (పిల్లంత ఉండే కంపు జంతువులు) ఆ పురుగుల కోసమొచ్చి తవ్విపోస్తాయి. లాన్ కంపెనీ వాళ్ళని పిలిస్తే ఎకరమంతా మందు కొట్టాలంటారు. ఒప్పుకోకండి. మాది ఎకరంన్నర జాగా. మేం మందు వేసేది ముందువైపు ఎండ బాగా తగిలే ముక్కకే.

ముందు పురుగుల్ని లెక్కపెట్టాలి. పారతో అడుగు పొడవు, అడుగు వెడల్పున మూడు వైపులా గడ్డి కోసి, నాలుగో వైపుకి మడిచేయండి. రెండు మూడంగుళాల లోతు మట్టిని వేళ్ళతో చిదిపి చూడండి. తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు తలతో వంకర తిరిగి పడుకుని ఉంటుంది గ్రబ్. అనంతపురం వేరుశనగ చేలల్లో వేరుపురుగుకి ఇది దగ్గరి చుట్టమే. బాగా తినేసిన చోటైతే పార కూడా అక్కర్లేదు, వేళ్ళు లేని గడ్డి చాప చుట్టినట్టు లేచొస్తుంది. మచ్చ మధ్యలో కాకుండా అంచున కోయండి. ఎండిన చోట తిండి లేక పురుగు పక్కకి జరిగిపోయి ఉంటుంది. చదరపు అడుగుకి అయిదారు కనిపిస్తే వదిలేయండి. పది దాటితేనే మందు సంగతి. నీళ్ళు బాగా అందే లాన్ పదిహేనింటిని కూడా తట్టుకుంటుంది.

ఈ లెక్క ఎందుకంటే, మందు బస్తా మీద 5,000 చదరపు అడుగులని రాసి ఉంటే ఎకరానికి తొమ్మిది బస్తాలు కావాలి. మచ్చల వరకే అయితే ఒకటి చాలు.

పైసా ఖర్చు లేని పని జులైలో ఉంది. గ్రబ్స్ పుట్టేది జపనీస్ బీటిల్స్ అనే పెంకుపురుగుల గుడ్ల నుంచి, అవి అప్పుడే తడి నేల వెతుక్కుని గుడ్లు పెడతాయి. ఆ నెల లాన్‌కి నీళ్ళు ఆపేయండి. గడ్డి రంగు తగ్గుతుంది కానీ చావదు, గుడ్లు మాత్రం ఎండిపోతాయి. గులాబీల మీదా గోంగూర మీదా వాలిన పెంకుపురుగుల్ని పొద్దున్నే, ఇంకా మత్తుగా ఉన్నప్పుడు, సబ్బునీళ్ళ బకెట్లోకి దులిపేయండి. షాపుల్లో అమ్మే బీటిల్ ట్రాప్ మాత్రం కొనకండి, ఆ వాసనకి పక్కింటివాళ్ళ పురుగులు కూడా మన పెరట్లోకే వస్తాయి. ఈ దేశంలో ఈ పురుగు మొదట దొరికింది 1916లో, మన న్యూజెర్సీలోని రివర్టన్‌లోనే. వందేళ్ళుగా తిష్ట వేసినదాన్ని పూర్తిగా పోగొడతామని ఎవరన్నా నమ్మకండి.

మందే కావాలంటే క్లోరాంట్రనిలిప్రోల్ గుళికలు ఏప్రిల్, మే నెలల్లో చల్లండి. నెమ్మదిగా దిగుతుంది కాబట్టి ముందే వేయాలి. తేనెటీగలకి ప్రమాదం తక్కువ. ఇమిడాక్లోప్రిడ్ అనే ఇంకో గ్రబ్ మందు మీద మన రాష్ట్రంలో 2023 అక్టోబర్ చివరి నుంచి ఆంక్షలున్నాయి, ఇంటివాళ్ళు కొని చల్లడానికి వీల్లేదు. సెప్టెంబర్‌లో పురుగు కనబడితే ట్రైక్లోర్‌ఫాన్ అనే మందు పనిచేస్తుంది. చల్లగానే అరంగుళం నీళ్ళు పెట్టాలి, గడ్డి ఆరేదాకా పిల్లల్ని అటు పోనివ్వకూడదు. గ్రబ్స్‌కి జబ్బు తెప్పించే బాక్టీరియా పొడి మిల్కీ స్పోర్ ఖరీదెక్కువ, ఫలితం మీద నమ్మకం లేదు. గ్రబ్స్‌ని చంపే కంటికి కనబడని నులిపురుగులు, నెమటోడ్లు, మంచివే కానీ ఎకరానికి గిట్టుబాటు కావు. కూరమడుల పక్క గడ్డికి సాయంత్రం పూట వేసుకోవచ్చు, ముందూ వెనకా నేల తడపాలి.

గడ్డి పోయిన చోట సెప్టెంబర్‌లోనే టాల్ ఫెస్క్యూ అనే రకం గడ్డి విత్తనం చల్లండి. దాని వేళ్ళు లోతుగా దిగుతాయి, గ్రబ్స్‌ని మిగతా గడ్డి కన్నా బాగా తట్టుకుంటుంది.