నెలల తరబడి వదిలేసిన జెంటూను అప్‌డేట్ చేసే ముందు

జెంటూ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్యాకేజీలు చాలావరకు మన యంత్రం మీదే, మనం ఎంచుకున్న యూజ్ ఫ్లాగ్‌ల (ఏ సదుపాయాలు ఉండాలో చెప్పే ఐచ్ఛికాల) ప్రకారం సోర్స్ నుంచి కంపైల్ అవుతాయి. వారానికో పది రోజులకో అప్‌డేట్ చేసుకునేవారికి ఇది పెద్ద పని కాదు. ఆరు నెలలో ఏడాదో ముట్టుకోకుండా వదిలేస్తే మాత్రం ఆ మధ్యలో కంపైలర్ మారి ఉంటుంది, పైథాన్ వర్షన్ మారి ఉంటుంది, ప్రొఫైల్ (సిస్టమ్ మూల సెట్టింగుల సమితి) పాతబడి ఉంటుంది, ఇవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఇలాంటి అప్‌డేట్‌లో చెడిపోయిన యంత్రాలను కొన్నింటిని దగ్గరుండి బాగుచేశాను. వాటిలో చాలావాటికి మూలం కంపైల్ నడుస్తుండగా జరిగిన పొరపాటు కాదు, దానికి ముందు ఒక గంట కూర్చుని చూసుకోవలసినవి చూసుకోకపోవడమే.

మొదట వెనక్కి రావడానికి దారి ఉంచుకోవాలి. సెట్టింగుల ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీ మొత్తాన్నీ, మనం కోరి పెట్టుకున్న ప్యాకేజీల పేర్లుండే వరల్డ్ ఫైల్‌నూ, కెర్నల్ కాన్ఫిగ్ ఫైల్‌నూ వేరే డిస్కు మీదికి కాపీ చేయండి. కంపైలర్ అయిన జీసీసీ, దాదాపు ప్రోగ్రామ్‌లన్నీ ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ, పైథాన్, ప్యాకేజీలను నిర్వహించే పోర్టేజ్ ఇప్పుడు పనిచేస్తున్న స్థితిలోనే క్విక్‌ప్యాకేజ్ ఆదేశంతో బైనరీ ప్యాకేజీలుగా కట్టి పెట్టుకోండి. జీలిబ్‌సీ విషయం వేరుగా గుర్తుంచుకోవాలి: దాన్ని ఒకసారి కొత్త వర్షన్‌కు తీసుకెళ్లాక వెనక్కి దించడానికి పోర్టేజ్ ఒప్పుకోదు. కాబట్టి దానికి అసలైన రక్ష మొత్తం రూట్ పార్టిషన్ బ్యాకప్ గానీ, బీటీఆర్ఎఫ్ఎస్ వాడుతుంటే స్నాప్‌షాట్ గానీ. ఒక లైవ్ యూఎస్‌బీ తయారుచేసుకుని, దానితో బూట్ చేసి, మీ పార్టిషన్లను మౌంట్ చేసి క్రూట్‌లోకి (లైవ్ సిస్టమ్ నుంచే మీ అసలు సిస్టమ్ లోపలికి) వెళ్లగలుగుతున్నారో లేదో ఈ రోజే చూసుకోండి. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.

రిపోజిటరీని సింక్ చేశాక వెంటనే అప్‌డేట్‌కు దిగకుండా, జెంటూ ప్రకటనలను చూపే ఈసెలెక్ట్ న్యూస్‌లో చదవకుండా మిగిలిన ప్రకటనలన్నీ పాతవాటి నుంచి వరుసగా చదవాలి. 2024 మార్చిలో వచ్చిన 23.0 ప్రొఫైళ్ల మార్పునే తీసుకోండి. ప్రొఫైల్ మార్చి, బిన్‌యుటిల్స్ (లింకర్ వంటి పరికరాలు), జీసీసీ, జీలిబ్‌సీలను ఆ వరుసలోనే తిరిగి కట్టి, చివర సిస్టమ్ మొత్తాన్నీ మళ్లీ కంపైల్ చేయమని ఆ ప్రకటన మెట్టుమెట్టుగా చెప్పింది. బిన్, లిబ్ డైరెక్టరీలను ఇంకా యూఎస్ఆర్‌లో కలపని పాత యంత్రాలకు పేరులో స్ప్లిట్-యూఎస్ఆర్ అని ఉన్న ప్రొఫైల్ వేరుగా ఉంది. అది చదవకుండా జాబితాలో మొదట కనిపించిన 23.0ను ఎంచుకున్నవారు అనవసరంగా చిక్కుల్లో పడ్డారు.

ఆ తర్వాత పోర్టేజ్‌ను ఒక్కదాన్నే ముందుగా అప్‌డేట్ చేయండి. ఈబిల్డ్‌లు (ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైళ్లు) రాసే ఈఏపీఐ ప్రమాణం కాలంతో పాటు ముందుకు వెళుతుంది, పాత పోర్టేజ్ కొత్త ఈఏపీఐని చదవలేదు. మరీ వెనకబడిన యంత్రంలో పోర్టేజ్‌కే కొత్త పైథాన్ కావలసి వచ్చి ముడి పడుతుంది. 2023 డిసెంబరు నుంచి జెంటూ అధికారికంగా ఇస్తున్న బైనరీ ప్యాకేజీలు ఇలాంటి చోట బాగా ఆదుకుంటాయి. ఏడాదిన్నర దాటిన యంత్రమైతే ఆ ముడి విప్పడం కంటే కొత్త స్టేజ్-3 (ముందే కట్టి ఉంచిన కనీస సిస్టమ్) దింపుకుని, పాత వరల్డ్ ఫైల్‌నూ సెట్టింగులనూ అందులోకి తెచ్చుకోవడమే త్వరగా తెమిలే పని అని నా అభిప్రాయం.

పోర్టేజ్ ఆదేశమైన ఎమర్జ్‌ను, ఏమీ మార్చకుండా చేయబోయేది మాత్రమే చూపే ప్రిటెండ్ ఐచ్ఛికంతో నడిపి వచ్చే జాబితాను పై నుంచి కింది వరకు చదవండి. మూడు వందల వరుసలున్నా చదవవలసిందే. ఒక ప్యాకేజీ పక్కన ఇంగ్లీషు చిన్న బి అక్షరం (మరో ప్యాకేజీతో పొసగడం లేదన్న గుర్తు) ఉంటే ఆ అడ్డంకిని పోర్టేజ్ తనే తొలగించుకుంటుంది, పెద్ద బి ఉంటే మనమే తేల్చాలి. వర్షన్ వెనక్కి దిగుతున్నట్టు చూపే డి అక్షరం కనిపిస్తే ఎందుకో తెలుసుకోకుండా ముందుకు వెళ్లకూడదు. ఇక, మాస్క్ అయిన (పోర్టేజ్ అడ్డుకున్న) ప్యాకేజీల కోసం సెట్టింగులను తనే మార్చి రాస్తానని ఎమర్జ్ అడిగినప్పుడు గుడ్డిగా సరే అనవద్దు. అలా చేరిన వరుసల వల్ల స్టేబుల్ సిస్టమ్‌లోకి టెస్టింగ్ వర్షన్లు ఒకటొకటిగా వచ్చి చేరతాయి. ఆరు నెలల తర్వాత ఏది ఎందుకు చేర్చామో మనకే గుర్తుండదు. చేర్చక తప్పనప్పుడు పైన ఒక వ్యాఖ్య, తేదీ రాసి పెట్టుకోండి.

కంపైల్‌కు ముందు మెమరీ లెక్క చూడాలి. ఒకేసారి ఎన్ని కంపైల్ పనులు (జాబ్‌లు) నడవాలో చెప్పే మేక్‌ఆప్ట్స్‌లో ఇచ్చే ఒక్కో జాబ్‌కు 2 జీబీ ర్యామ్ చొప్పున లెక్క వేసుకోమని జెంటూ హ్యాండ్‌బుక్ చెబుతుంది. 16 థ్రెడ్లున్న ప్రాసెసర్ అయినా ర్యామ్ 16 జీబీ ఉంటే 8 జాబ్‌లు దాటకూడదు. పైగా ఎమర్జ్‌కు వేరే జాబ్‌ల సంఖ్య ఇచ్చి ఒకేసారి రెండు మూడు ప్యాకేజీలు కట్టిస్తే ఈ లెక్క అన్ని రెట్లు పెరుగుతుంది. క్రోమియం, వెబ్‌కిట్, ఎల్ఎల్‌వీఎమ్, రస్ట్ వంటి బరువైన వాటికి ఒక్కో ప్యాకేజీకి వేరే సెట్టింగ్ ఇచ్చే ప్యాకేజ్.ఎన్వ్ ద్వారా తక్కువ జాబ్‌లు కేటాయించండి. కంపైల్ డైరెక్టరీని టీఎంపీఎఫ్ఎస్‌లో (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్‌లో) పెట్టుకున్నవారు ఈ నాలుగింటిని డిస్కు మీదికి మళ్లించాలి.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకునేవారికి ఇంకొక మాట. రామగుండంలోనో ఖమ్మంలోనో పగలు 43, 44 డిగ్రీలుండే గదిలో ల్యాప్‌టాప్‌ను పది గంటల పాటు పూర్తి లోడ్ మీద నడిపితే ప్రాసెసర్ వేడికి వేగం తగ్గించుకుంటుంది, కొన్ని యంత్రాలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. రాత్రి పూట మొదలుపెట్టండి, ఫ్యాన్ దుమ్ము ముందే దులపండి. కరెంటు పోతే కంపైల్ మధ్యలో ఉన్న ప్యాకేజీకి పెద్ద నష్టం లేదు, ఎందుకంటే అదంతా తాత్కాలిక డైరెక్టరీలో జరుగుతుంది, తర్వాత రిజ్యూమ్ ఐచ్ఛికంతో కొనసాగించవచ్చు. కట్టిన ఫైళ్లు అసలు సిస్టమ్‌లోకి కాపీ అయ్యే ఆ కొద్ది క్షణాల్లో, అదీ జీలిబ్‌సీ వంతు వచ్చినప్పుడు కరెంటు పోవడమే ప్రమాదం. డెస్క్‌టాప్ వాడేవారు యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఏదైనా ప్యాకేజీ విఫలమైతే తెర మీద చివర కనిపించేది ఈమేక్ (కంపైల్ నడిపే ఆదేశం) విఫలమైందన్న మాట మాత్రమే, కారణం అది కాదు. చాలా జాబ్‌లు ఏకకాలంలో నడుస్తాయి కాబట్టి అసలు తప్పు బిల్డ్ లాగ్‌లో వందల వరుసల పైన ఉండవచ్చు. లాగ్ తెరిచి, ఎర్రర్ అన్న పదం మొదటిసారి ఎక్కడ వచ్చిందో వెతకండి. కంపైలర్ ప్రాసెస్‌ను ఎవరో చంపినట్టు కిల్డ్ అని ఉంటే అది సోర్స్‌లో లోపం కాదు, మెమరీ చాలకపోవడం. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది. అంతు చిక్కకపోతే ఒకే జాబ్‌తో మళ్లీ కట్టి చూడండి, సందేశాలు వరుసగా వస్తాయి. ఎవరినైనా సహాయం అడిగేటప్పుడు పూర్తి లాగ్‌నూ, ఎమర్జ్ ఇన్ఫో ఇచ్చే సమాచారాన్నీ కలిపి ఇవ్వాలి.

అప్‌డేట్ ముగిశాక కాన్ఫిగ్ ఫైళ్ల వంతు వస్తుంది, అలసిపోయి తొందరపడేది ఇక్కడే. దూరంగా ఉన్న ఒక సర్వర్‌లో నేను పాత, కొత్త కాన్ఫిగ్ ఫైళ్ల తేడాలు చూపే డిస్పాచ్-కాన్ఫ్ నడిపి, ముప్పై ఫైళ్లకు వరుసగా కొత్తదే తీసుకోమని యూ నొక్కుతూ పోయాను. వాటిలో దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఫైలు ఒకటి. నేను మార్చి పెట్టుకున్న పోర్టు సంఖ్య పోయి మళ్లీ 22 వచ్చింది, ఫైర్‌వాల్‌లో తెరిచి ఉన్నది మాత్రం పాత పోర్టే. రీబూట్ చేశాక ఆ యంత్రాన్ని చేరడానికి బస్సెక్కి వెళ్లవలసి వచ్చింది. అప్పటి నుంచి ఎస్ఎస్‌హెచ్, సుడోయర్స్ (రూట్ అధికారాలు), పామ్ (లాగిన్ తనిఖీ), నెట్‌వర్క్ ఫైళ్ల తేడాలను ఒక్కొక్క వరుసా చూసిన తర్వాతే అంగీకరిస్తున్నాను.

కెర్నల్‌ను చేత్తో కట్టుకునేవారు కాపీ చేసే ముందు బూట్ పార్టిషన్ మౌంట్ అయి ఉందో లేదో చూడాలి. లేకపోతే కొత్త కెర్నల్ రూట్‌లోని ఖాళీ బూట్ డైరెక్టరీలో కూర్చుంటుంది, యంత్రం మాత్రం పాత కెర్నల్‌తోనే లేస్తుంది. పనిచేస్తున్న పాత కెర్నల్‌నూ దాని మాడ్యూళ్లనూ బూట్ మెనూలో కనీసం ఒక జత ఉంచండి.

ప్రధాన వర్షన్ మారిన కొత్త జీసీసీ దానంతట అది వాడుకలోకి రాదు, జీసీసీ-కాన్ఫిగ్‌తో మనమే ఎంచుకోవాలి. ఆ తర్వాత రీబూట్ చేసి, నెట్‌వర్క్, గ్రాఫిక్స్, శబ్దం, ప్రింటర్ అన్నీ రెండు మూడు రోజులు వాడి చూసి, అప్పుడే ఇక అవసరం లేని ప్యాకేజీలను తీసేసే డెప్‌క్లీన్ నడపండి. అది తీసేస్తానంటున్న జాబితాలో మీరు రోజూ వాడే ప్యాకేజీ ఏదైనా కనిపిస్తే, అది వరల్డ్ ఫైల్‌లో లేదని అర్థం. ముందు దాన్ని అందులో చేర్చి, జాబితాను మళ్లీ ఒకసారి చూసిన తర్వాతే తొలగింపుకు అంగీకరించండి.