టీఎస్ఓలో మన సొంత కాలిక్యులేటర్: ఏడు లైన్ల రెక్స్

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో డేటాసెట్‌కి (అంటే ఫైల్‌కి) స్పేస్ ఎంత ఇవ్వాలో చూడ్డానికి ప్రతిసారీ విండో మార్చి కాలిక్యులేటర్ ఓపెన్ చేయడం, అక్కడ అంకె తప్పు కొట్టి మళ్లీ మొదలెట్టడం, ఈ గోల నాకు విసుగొచ్చి రెక్స్ అనే స్క్రిప్ట్ భాషలో ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నా. టీఎస్ఓ (మెయిన్‌ఫ్రేమ్‌కి కమాండ్లిచ్చే చోటు) మీద నడిచే ఐఎస్‌పీఎఫ్ మెనూల్లో ఏ ప్యానెల్‌లో ఉన్నా కమాండ్ లైన్ నుంచే లెక్క చెప్పేస్తుంది.

ముందు టీఎస్ఓ ఐఎస్‌ఆర్‌డీడీఎన్ కొట్టి మీ సిస్‌ఎగ్జెక్ (రెక్స్ ప్రోగ్రామ్‌ల కోసం వెతికే లైబ్రరీల జాబితా) కింద ఏ లైబ్రరీలున్నాయో చూడండి, మీకు రైట్ యాక్సెస్ ఉన్నదాంట్లో కాల్క్ అని మెంబర్ పెట్టి ఇది టైప్ చేయండి (ఎడిటర్లో ఇంగ్లిష్ అక్షరాలే, ఇక్కడ పలికినట్టు రాశా):

/* రెక్స్ */
పార్స్ ఆర్గ్ ఎక్స్
న్యూమరిక్ డిజిట్స్ 31
ఎక్స్ = స్పేస్(ట్రాన్స్‌లేట్(ఎక్స్,' ',','),0)
ఇఫ్ వెరిఫై(ఎక్స్,'0123456789+-*/%().') > 0 దెన్ ఎగ్జిట్ 8
ఇంటర్‌ప్రెట్ 'ఆర్ =' ఎక్స్
సే ఎక్స్ '=' ఆర్

అసలు పనంతా ఇంటర్‌ప్రెట్‌దే, స్ట్రింగ్‌ని రెక్స్ కోడ్ లాగే రన్ చేసేస్తుంది. అందుకే దాని పైన వెరిఫై లైన్ తీసేయొద్దు, అది లేకపోతే లెక్కతో పాటు ఇంకేం ఇచ్చినా రన్ చేసేస్తుంది, షేర్డ్ లైబ్రరీలో పెట్టారంటే తర్వాత తల పట్టుకోవాల్సిందే. నాలుగో లైన్ మన అలవాటు కోసం, 1,25,000 అని కామాలతో కొట్టినా తీసేస్తుంది. డిజిట్స్ చెప్పకపోతే రెక్స్ 9 అంకెల దగ్గరే ఆగుతుంది, 2**40 (అంటే 2 పవర్ 40) అడిగితే 1.09951163ఈ+12 అని చూపిస్తుంది, దాంతో ఏం చేసుకుంటాం? ఇంకో సుఖం, 0.1+0.2 అంటే కచ్చితంగా 0.3 వస్తుంది, ఎందుకంటే రెక్స్ లెక్క చేసేది డెసిమల్‌లోనే, 1979లో ఐబీఎంలో మైక్ కౌలిషా మొదలుపెట్టిన భాష ఇది.

ఇప్పుడు వాడకం. ఎల్‌రెక్ల్ (ఒక రికార్డు పొడవు) 80 బైట్లు, బ్లాక్ సైజ్ (ఒక్క గుంపుగా రాసే రికార్డుల మొత్తం) 27920 బైట్లు అనుకోండి, 3390 రకం మెయిన్‌ఫ్రేమ్ డిస్క్‌లో ట్రాక్‌కి రెండు బ్లాకులు పడతాయి, 1,25,000 రికార్డులకి ఎన్ని ట్రాకులు?

టీఎస్ఓ %కాల్క్ 1,25,000/(27920/80*2)

179.08 చిల్లర వస్తుంది, అంటే 180 ట్రాకులు, సిలిండర్‌కి 15 చొప్పున సరిగ్గా 12 సిలిండర్లు. పేరు ముందు % పెడితే ప్రోగ్రామ్ లైబ్రరీలన్నీ వెతక్కుండా నేరుగా ఎగ్జెక్ (మన రెక్స్ లాంటి స్క్రిప్ట్) కోసమే చూస్తుంది.

లెక్కలో మాత్రం % అంటే పర్సెంట్ కాదు, భాగించి పూర్ణాంకం మాత్రమే ఇస్తుంది, శేషం కావాలంటే //. నేను మొదట్లో 18% జీఎస్టీ వేద్దామని కొట్టి తిక్క సమాధానం చూసి రెక్స్‌నే తిట్టుకున్నా. కానీ పైకి రౌండ్ చేయడానికి అదే % పనికొస్తుంది, ట్రాక్‌కి పట్టేది 698 రికార్డులు కదా, దానికి ఒకటి తక్కువ కలిపి (1,25,000+697)%698 కొట్టండి, నేరుగా 180 ఇచ్చేస్తుంది.