ఇస్ఫహాన్ చూడటం ఎలా? ముందు ఇటుక, తర్వాతే టైల్

ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌కి వెళ్లినవాళ్లు చాలామంది నేరుగా నక్ష్-ఎ-జహాన్ మైదానంలో దిగుతారు. ఆ నీలం గుమ్మటాలు చూసి కళ్లు చెదిరాక పాత జామె మసీదుకి వెళ్తే, "ఇదేంటి, ఉత్త ఇటుకలేగా" అనిపిస్తుంది. తప్పు మసీదుది కాదు, చూసిన వరసది. అందుకే ఇక్కడ ఆ వరస తిరగేసి చెబుతున్నాను. మూడు రోజులు ఉంటే హడావుడి లేకుండా చూడొచ్చు.

బయల్దేరే ముందు

మొదట మన విదేశాంగ శాఖ ప్రయాణ సూచనలు చూడండి. వెళ్లొద్దని ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, ఆగిపోండి. వీసా సంగతి కూడా అప్పటికప్పుడు కనుక్కోవాల్సిందే. 2024 ఫిబ్రవరిలో భారతీయ పర్యాటకులకు వీసా లేకుండా రానిచ్చిన ఇరాన్, 2025 నవంబర్‌లో ఆ సదుపాయం ఆపేసింది. పాత వీడియోలు చూసి టికెట్ కొనేస్తే తర్వాత టెన్షన్ మీదే.

మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు. ట్రిప్పు మొత్తానికి సరిపడా డాలర్లో యూరోలో నగదుగా పట్టుకెళ్లాలి. నోటు మీద రియాల్ అని ఉంటుంది, దుకాణదారు మాత్రం తొమాన్లలో చెబుతాడు. పది రియాళ్లు ఒక తొమాన్. డబ్బిచ్చే ముందు "రియాలా, తొమానా?" అని అడగడానికి మొహమాటపడకండి. టాక్సీ డ్రైవర్ "ఘాబెలీ నదారె" అంటే డబ్బులొద్దని కాదు, అది మర్యాద మాట. మన ఇళ్లలో "ఎందుకండీ ఇవన్నీ" అంటూనే పళ్లు అందుకుంటామే, అలాంటిదే.

ఆడవాళ్లు తలకు స్కార్ఫు, వదులైన పొడుగు చేతుల టాప్ వేసుకోవాలి. మగవాళ్లు షార్ట్స్ మానేస్తే మంచిది. శుక్రవారం మధ్యాహ్నం మసీదుల్లో ప్రార్థన ఉంటుంది కాబట్టి ఆ పూట వేరే పని పెట్టుకోండి.

మొదటి రోజు: జామె మసీదు నుంచి బజారు మీదుగా

పొద్దున్నే జామె మసీదుకి వెళ్లండి. ఇది ఒకసారి కట్టి వదిలేసిన కట్టడం కాదు. వచ్చిన ప్రతి రాజవంశమూ ఏదో ఒకటి కలుపుతూ పోయింది. ముంగిట్లో నిలబడి చుట్టూ చూస్తే నాలుగు వైపులా నాలుగు పెద్ద కమాను మండపాలు కనిపిస్తాయి. వీటిని ఈవాన్ అంటారు. ఇరాన్ మసీదులకు ఈ నాలుగు ఈవాన్ల పద్ధతి స్థిరపడటంలో ఈ కట్టడానిది పెద్ద పాత్ర.

ఇక్కడ రెండు గుమ్మటాలను పోల్చి చూడటమే అసలు పని. దక్షిణం వైపుది అప్పట్లో ఇరాన్‌ని ఏలిన సెల్జుక్ సుల్తానుల వజీరు నిజాముల్ ముల్క్ 1086 ప్రాంతంలో కట్టించింది. ఉత్తరం వైపుది అతని ప్రత్యర్థి తాజుల్ ముల్క్ 1088లో కట్టించాడు. ఆ పంతం ఇటుకల్లోనే కనిపిస్తుంది. ఉత్తర గుమ్మటం చిన్నది, కానీ కింది నుంచి పై దాకా ఒక్క గీత కూడా తడబడదు. రంగు లేదు, పూత లేదు. చాలామంది చూడకుండానే వెళ్లిపోయే గది ఇది. మీరు పది నిమిషాలు ఊరికే తలెత్తి కూర్చోండి. తర్వాత మంగోల్ పాలకుడు ఓల్జెయితు పేరున్న 1310 నాటి మిహ్రాబ్ (ప్రార్థన దిశ చూపే గోడ గూడు) చూపించమని అడగండి. గచ్చులో చెక్కిన ఆ లతలు చూస్తే చెక్కపనేమో అనిపిస్తుంది.

బయటికొచ్చి టాక్సీ ఎక్కకండి. కప్పున్న పాత బజారు గుండా దక్షిణంగా సుమారు రెండు కిలోమీటర్లు నడవండి. ఆ మసక వెలుతురులోంచి ఖైసరియే ద్వారం దాటగానే 560 మీటర్ల పొడవు మైదానం ఒక్కసారిగా ముందు పరుచుకుంటుంది. ఎదురుగా షా మసీదు, ఎడమ చేతి వైపు షేక్ లుత్ఫుల్లా మసీదు, కుడి వైపు అలీ ఖాపూ రాజభవనం. ఒకప్పుడు ఇక్కడ పోలో ఆడేవారు, రాతి గోల్‌పోస్టులు ఇప్పటికీ ఉన్నాయి.

ఆకలేస్తే ఇక్కడి "బిర్యానీ" తినండి, కానీ హైదరాబాద్‌ని మనసులోంచి తీసేసి. బియ్యం గింజ కూడా ఉండదు. తరిగి వేయించిన మటన్‌ని రొట్టె మీద పెట్టి ఇస్తారు. శాకాహారులు వంకాయతో చేసే కష్క్-ఎ-బాదెంజాన్ అడగొచ్చు, అందులో పాల పదార్థం కలుస్తుంది.

సాయంత్రం టికెట్లు ఆపేలోపు అలీ ఖాపూ ఎక్కండి. పొద్దు మీ వెనక నుంచి పడి ఎదుటి లుత్ఫుల్లా గుమ్మటం మీగడ రంగులోంచి గులాబీలోకి తిరుగుతుంది.

రెండో రోజు: టైల్ చదవడం

లుత్ఫుల్లా మసీదుకి (1603–1619) మినార్లు లేవు, ముంగిలి లేదు. రాజకుటుంబం కోసం కట్టింది కాబట్టి జనాన్ని పిలవాల్సిన అవసరం లేకపోయింది. లోపలికి వంపు తిరిగిన చీకటి నడవాలోంచి వెళ్తారు. గది గుమ్మంలోనే ఆగి పైకి చూడండి. గుమ్మటం మధ్యలో నెమలి బొమ్మ, కిటికీ వెలుగు పడి దానికి తోకలా సాగుతుంది. నడిచి మధ్యలోకి వెళ్లిపోతే ఆ తోక కనపడదు.

షా మసీదు (1611లో మొదలైంది, ఇప్పుడు ఇమాం మసీదు అంటారు) ముఖద్వారం దగ్గర టైళ్లను బాగా దగ్గరగా చూడండి. అక్కడ ఒక్కో రంగు ముక్కనూ విడిగా కోసి పేర్చారు. దాన్ని మొఅర్రఖ్ అంటారు. లోపలికి వెళ్తే చదరపు పలకలు, వాటి మీద ఏడు రంగుల బొమ్మలు, మధ్యలో తిన్నని అతుకులు. ఇది హఫ్త్ రంగీ. దీన్ని కట్టించిన ఇరాన్ రాజు షా అబ్బాస్‌కి పని త్వరగా తెమలాలి, ఈ పద్ధతిలో అది సాధ్యమైంది. తేడా ఒకసారి కంటికి అలవాటైతే ఇరాన్‌లో ఏ గోడైనా చదవగలరు. పెద్ద గుమ్మటం కింద నేల మీది నల్లరాయి మీద నిలబడి చప్పట్లు కొట్టండి. గుమ్మటానికి రెండు పొరలున్నాయి, ప్రతిధ్వని వరసగా తిరిగొస్తుంది.

తెలుగువాళ్లకి ఒక మాట. హైదరాబాద్ నిర్మాణంలో ముఖ్యుడు మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. మన నగరాన్ని "కొత్త ఇస్ఫహాన్" అన్నారని చెబుతారు. కానీ చార్మినార్ కట్టిన 1591 నాటికి ఈ మైదానం ఇంకా ఇలా లేదు, షా అబ్బాస్ రాజధానిని ఇక్కడికి మార్చింది 1598లో. వెళ్లే ముందు పాతబస్తీలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా టైళ్లు చూసి వెళ్తే పోల్చుకోవడానికి బాగుంటుంది.

మధ్యాహ్నం చెహెల్ సొతూన్ రాజభవనం. పేరుకి నలభై స్తంభాలు, ఉన్నవి ఇరవై, మిగతా ఇరవై కొలనులో నీడలు. లోపలి గోడల మీద మొఘల్ చక్రవర్తి హుమాయూన్‌కి ఇరాన్ రాజు షా తహ్మాస్ప్ ఇచ్చిన ఆతిథ్యం, నాదిర్ షా మొఘలుల్ని ఓడించిన కర్నాల్ యుద్ధం ఉన్నాయి. మన చరిత్రని అవతలి పక్క నుంచి చూడటం కొంచెం చేదుగానే ఉంటుంది.

మూడో రోజు: ఊరి అంచులు

ఒక టాక్సీ మాట్లాడుకుని పశ్చిమానికి వెళ్లండి. మెనార్ జొంబాన్, ఆతష్‌గాహ్ ఒకే దారిలో ఉంటాయి. మొదటిది 14వ శతాబ్దపు సమాధి, ఒక మినార్‌ని ఊపితే రెండోదీ ఊగుతుంది. ఊపే వేళ ముందే అడిగి వెళ్లండి, లేకపోతే ఉత్త కట్టడమే చూసి రావాలి. రెండోది ఇస్లాంకి ముందరి మట్టి ఇటుకల శిథిలం, అగ్ని ఆరాధకుల గుట్ట. ఎక్కడానికి గట్టి చెప్పులు, నీళ్లు ఉండాలి.

తిరిగొచ్చి కొత్త జుల్ఫా పేటలో వాంక్ చర్చి చూడండి. షా అబ్బాస్ తరలించుకొచ్చిన ఆర్మేనియన్లు కట్టుకున్నది. బయట మసీదు లాంటి గుమ్మటం, లోపల గోడల నిండా బైబిల్ చిత్రాలు.

సాయంత్రం ముప్ఫైమూడు కమానుల సీ-ఓ-సే పోల్ వంతెన దాటి, నది ఒడ్డున నడుస్తూ 1650 నాటి ఖాజూ వంతెనకి చేరండి. ఆ నది, జాయందే రూద్, చాలా నెలలు ఎండిపోయే ఉంటుంది, ఇసుకే కనిపించొచ్చు. అయినా చీకటి పడే వేళకి కమానుల కింద ఎవరో పాట ఎత్తుకుంటారు. మెట్ల మీద చోటు చూసుకుని కూర్చోండి. మీరెక్కడి నుంచి అని పక్కవాళ్లు అడుగుతారు. "హెంద్" (ఇండియా) అంటే చాలు, జరిగి చోటిస్తారు.